ఉచిత ఎడ్లు, ఎండిన బావి

కోట బావి ఎండిపోయింది. శివరాత్రి చలి ఇంకా పూర్తిగా పోనేలేదు, అప్పుడే ఎండిపోయింది.

కోనగిరి రాజు తిమ్మభూపతి స్నానానికి కూర్చుంటే చెంబుడు బురద వచ్చింది. ఆయన మండిపడ్డాడు. కారణం చెప్పడానికి మంత్రి విస్సప్ప సిద్ధంగానే ఉన్నాడు. ఏ తప్పుకైనా ఆయన దగ్గర ఒక కారణం తయారుగా ఉంటుంది, తన తప్పుకైతే మరీను.

"వంటశాల ప్రభూ. గిన్నెలు తోమీ తోమీ బావిని తోడేశారు."

వంటశాల పెత్తనం బయ్యమ్మది. రాజు ఆమెను పిలిపించాడు.

"ఏమమ్మా, నీళ్ళేం చేశావు?"

"గిన్నెలు అవే, తోమే చేతులూ అవే ప్రభూ. కొత్తగా వచ్చినవి మంత్రిగారు ఇప్పించిన ఎడ్లే."

కిందటేడు విస్సప్ప ఒక గొప్ప ఉపకారం చేశాడు. మోట తోలి పొలాలకు నీళ్ళు తోడుకోమని రాజుగారి ఎడ్లను రైతులకు ఉచితంగా ఇప్పించాడు. ఎడ్లకు కూలి కట్టినన్నాళ్ళూ జొన్నలతో సరిపెట్టుకున్నవాళ్ళంతా చెరకు వేశారు. పొలం బావులను పగలూ రాత్రీ తోడారు. ఆ బావులకూ కోట బావికీ కింద ఊట ఒక్కటే. అందరికంటే పెద్ద చెరకు తోట ఎవరిదో చెప్పనక్కర్లేదు. ప్రజాసేవ చేసేవాడు తన పొలాన్ని మాత్రం ప్రజల్లోంచి ఎలా వెలేస్తాడు?

"ఎడ్లు తాగితే బావి ఎండిందట" అని విస్సప్ప నవ్వాడు. "వంటమ్మ రాజనీతి చెబుతోంది ప్రభూ."

"రేపు విందు వేళకు నీళ్ళ దొంగను చూపించు" అన్నాడు రాజు. "లేదా మూట సర్దుకో."

బయ్యమ్మకు మూట సర్దుకునే ఉద్దేశం లేదు.

అతిథులు తిన్నాకే రాజు విస్తరి ముందు కూర్చోవడం ఆ కొలువు ఆచారం. మర్నాడు బయ్యమ్మ గంగాళం నిండా పాయసం నడిమధ్య పెట్టించి, పక్కన గరిటెలు పేర్చింది.

"ఈ రోజు వడ్డించేవాళ్ళు లేరు. గరిటెలు ఉచితం. ఎవరికి ఎంత పెద్దది కావాలంటే అంత పెద్దది తీసుకుని తోడుకోండి."

విస్సప్ప అన్నింటికంటే పెద్ద తెడ్డు అందుకున్నాడు. అది చూసి సేనాపతి చేతిలోని గరిటె పడేసి ఇంకో తెడ్డు పట్టాడు. ఆకలి లేని ఆస్థాన జ్యోతిష్కుడు సైతం, కరువును ముందే చూసినవాడిలా, రెండు గిన్నెలు నింపుకున్నాడు.

రాజు వచ్చి కూర్చునేసరికి గంగాళం అడుగున ఒక్క ఎండుద్రాక్ష మిగిలింది.

"నా పాయసం ఏది?"

"బావిలో నీళ్ళు పోయిన దారినే పోయింది ప్రభూ."

విస్సప్ప మూతి తుడుచుకున్నాడు. "ఇంకాస్త ఎక్కువ వండాల్సింది."

"ప్రతి విందుకూ వండినంతే వండానయ్యా. మీరు ఎడ్లు ఇచ్చినట్టే నేను గరిటెలు ఇచ్చాను."

"ఇంతకీ దొంగ ఎవరు?" అన్నాడు రాజు.

"దొంగలెవరూ లేరు ప్రభూ. గరిటె ఉచితమనగానే పాయసానికి అడుగే ఉండదనుకున్నారు. పెద్ద తెడ్డు ఎవరి చేతిలో ఉందో మాత్రం తమరే చూడండి."

తెడ్డు ఇంకా విస్సప్ప చేతిలోనే ఉంది. రాజు ముందు దాన్ని, తర్వాత ఆయన పొట్టను చూసి పగలబడి నవ్వాడు. సభంతా నవ్వింది. జ్యోతిష్కుడు రెండో గిన్నెను ఉత్తరీయం కింద దాచుకుని మరీ నవ్వాడు.

రాజు మెడలోని పచ్చల హారం తీసి బయ్యమ్మకిచ్చి, ఎడ్లశాల పెత్తనం కూడా అప్పగించాడు. జొన్న, రాగి వేసేవాళ్ళకు ఎడ్లు ఉచితం, చెరకు వేస్తే కూలి కట్టాల్సిందే అని ఆమె ఆ రోజే తేల్చేసింది. ఉచితంగా ఒక జత ఇమ్మని మొదట వచ్చినవాడు, చెరకు వేసిన ఆమె సొంత అన్నే. కూలి కట్టమంది. అన్న ఆ ఏడంతా ఆమెతో మాట్లాడలేదు.

ఆమె మాట మార్చలేదు.