పన్నెండో పట్టీ

జిలానీకి వచ్చిన చిక్కు జీపుతో వచ్చింది. నల్లమల అంచున, గుట్ట మీది చిన్న దర్గాకి ఉన్నది ఆ ఒక్క బండే. వయసులో జిలానీ కంటే పెద్దది. వెనక చక్రాల మీద కుదుపు ఆపే కమాన్ కట్టల్లో రెండు ఇనుప పట్టీలు విరిగిపోయాయి, మిగిలినవి వంపు పోయి చదునైపోయాయి. షాక్ అబ్జార్బర్లు రెండూ నూనె కక్కేసి ఊరుకున్నాయి.

ఆ జీపు షికార్లకి ఉన్నది కాదు. అడవి లోపల చెంచుల గూడేల్లో, వాళ్ల మాటలో పెంటల్లో, ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, వెనక చెక్కబల్ల మీద పడుకోబెట్టి గిద్దలూరు ఆసుపత్రికి దించడానికి ఉంది. దర్గా పెద్ద యాకూబ్ షా బాబా ముప్పయ్యేళ్లుగా ఆ పని చేస్తున్నారు. ఈ రెండేళ్లుగా స్టీరింగు జిలానీ చేతికి వచ్చింది.

శుక్రవారం ఒక పెంట నుంచి ఈదమ్మను దించాలి. ఆమెకి ఎనిమిదో నెల. ఇంతకుముందు రెండు కాన్పులూ దక్కలేదు. ఈసారీ మధ్యలో రక్తం కనపడితే నర్సమ్మ నడిచి వచ్చి చూసింది. "కుదుపు తగలకూడదు. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి తీసుకురండి. తగిలిందా, ఇక నేను చేయగలిగింది లేదు" అని బాబాకి చెప్పి వెళ్లింది.

"కట్టలూ షాకబ్జర్లూ నువ్వే చూసి తీసుకురా" అన్నారు బాబా.

జిలానీ పొంగిపోయాడు. దర్గాకి రాకముందు ఆరేళ్లు గిద్దలూరులో ఒక షెడ్డులో పనిచేశాడు. అడవి దారిన తిరిగే సంత జీపులన్నీ అతని చేతి మీదుగా వెళ్లినవే. ఆ జీపుల సంగతి చూసినవాళ్లకే తెలుసు. లోపల పన్నెండు మంది, టాపు మీద ఆరుగురు, వెనక వేలాడేవాళ్లు లెక్కలోకి రారు. వాళ్ల సందుల్లో చింతపండు బస్తాలు, రెండు మేకలు. అందుకని ఆ షెడ్డులో ఒక అలవాటు ఉండేది. ఏ జీపు వచ్చినా సరే, అడిగినా అడగకపోయినా, ఒక్కో కట్టకి ఒక పట్టీ అదనంగా వేసి పంపేవాళ్లు. వేయనివాణ్ణి అక్కడ మెకానిక్కుగానే చూడరు.

గిద్దలూరులో విడిభాగాల కొట్టు అతను రెండు రకాల కట్టలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి పలచని పట్టీలది. కాలు వేసి తొక్కితే కాస్త ఊగింది. రెండోది పదకొండు మందపాటి పట్టీలది. దాన్ని లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

"మీ బండి ఏం మోస్తుందన్నా?" అని అడిగాడు కొట్టు అతను.

తనలాంటివాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది అనిపించింది జిలానీకి. "ఏదైనా మోస్తుంది" అన్నాడు. మందపాటి కట్టలే తీసుకున్నాడు. వాటికి తగ్గట్టు బాగా బిగువైన షాకబ్జర్లు ఏరుకున్నాడు. వస్తూ వస్తూ పాత షెడ్డులో ఆగి, కట్టకొకటి చొప్పున పన్నెండో పట్టీ కూడా అడిగి తెచ్చుకున్నాడు. చేయి తిరిగినవాడి చేయి ఊరికే ఉండదు కదా.

బుధవారం సాయంత్రానికి బిగించడం అయిపోయింది. దర్గాకి వచ్చిన నలుగుర్ని పిలిచి వెనక ఎక్కి గెంతమన్నాడు. వాళ్లు ఆయాసపడేదాకా గెంతారు. జీపు ఉలకలేదు, పలకలేదు.

"చూడండి బాబా! ఇరవై మంది ఎక్కినా వంగదు."

బాబా వచ్చి వెనక బంపరు మీద రెండు చేతులూ ఆనించి, తన బరువంతా వేసి నొక్కారు. డెబ్బై ఏళ్ల బక్కపలచని మనిషి. జీపు ఆయన్ని పట్టించుకోలేదు.

"రేపు ఈదమ్మ పెంట దాకా ఒకసారి వెళ్లొద్దాం. ఎవర్నీ ఎక్కించకు" అన్నారు.

మర్నాడు పొద్దున జిలానీ ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. బాబా అతన్ని దాటి వెనక్కి వెళ్లారు. బల్ల మీద ఎడమవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకున్నారు. జిలానీ అదిరిపడ్డాడు. గురువైన పీరుని చెక్క మీద పడేసి, శిష్యుడైన మురీదు మెత్తటి సీటులో కూర్చోవడమా!

"బాబా, ముందుకి రండి. ఎవరైనా చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు."

"నాకిక్కడ బాగానే ఉంది. నువ్వు రోజూ నడిపినట్టే నడుపు. పిలిస్తే ఆపు."

పెంట తొమ్మిది కిలోమీటర్లు. దాన్ని దారి అనడం మర్యాద కోసమే. సగం వాగు తెచ్చి పోసిన గుండ్రాళ్లు, సగం వాన కోసేసిన గోతులు. జిలానీకి మాత్రం ఆ పొద్దు హుషారుగా ఉంది. రాయి వస్తోందని కంటికి ముందే తెలుస్తుంది, చేతులకి స్టీరింగు ఉంది, ఒళ్లు దానంతటది సర్దుకుంటుంది. బండి ఎగిరినప్పుడల్లా, పాత కట్టలైతే ఇక్కడ అడుగు తగిలేది అనుకుంటూ మురిసిపోయాడు. వెనక నుంచి ఒక్క పిలుపు కూడా రాలేదు. బాబాకి నిద్ర పట్టేసిందని, అదంతా తన కట్టల మహిమేనని సంతోషించాడు కూడా. తన పనితనం తనకే ముద్దొచ్చినవాడికి అన్నీ అలాగే కనిపిస్తాయి.

పెంటలో ఆపి, దిగి, వెనక తలుపు తీశాడు.

బాబా తెల్లగడ్డం ఎర్రగా తడిసి ఉంది. బల్ల మీద రక్తం. ఇనుప కడ్డీని పట్టుకున్న చేతి కణుపుల మీద చర్మం లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఇంత జరిగినా ఆయన ఎడమవైపు ముడుచుకున్న మనిషి ముడుచుకున్నట్టే ఉన్నారు.

జిలానీ "బాబా!" అని అరిచాడు. తర్వాత ఏం చేయాలో చేతులకి తోచలేదు. తలపాగా ఊడదీసి గడ్డానికి అడ్డం పెట్టాడు. "ఎందుకు పిలవలేదు బాబా? ఒక్కసారి పిలిస్తే ఆపేవాణ్ణి కదా!" అంటుంటే ఏడుపు వచ్చేసింది.

బాబా లేచి కూర్చుని రక్తం ఉమ్మారు. మాట ముద్దగా వచ్చింది.

"పిలుద్దామని నోరు తెరిచాను. అప్పుడే పళ్ల మధ్య పడి నాలుక తెగింది."

జీపు చప్పుడు విని ఈదమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చింది. అడుగులో అడుగు వేసుకుంటూ బండి దగ్గరికి వచ్చి, బాబా గడ్డం చూసింది, బల్ల చూసింది. అక్కడే ఆగిపోయింది.

"తాతా, రేపు నన్ను తీసకపోయేది దీంట్లోనేనా?"

బాబా సీసాలో నీళ్లు తీసుకుని పుక్కిలిస్తూ ఉండిపోయారు.

"కొత్త కట్టలమ్మా" అన్నాడు జిలానీ. ఆ మాట అలవాటుగా వచ్చేసింది. "చాలా గట్టి..."

"పోయినతూరి గూడా అట్టనే చెప్పినారన్నా. తాత బండి చెడిపోయిందని సంత జీపు మాట్లాడినారు. కొత్తగా పట్టీ ఏయించినాం, గట్టి బండి, భయపడబాక అని ఎక్కించినారు. బండంతా నేనొక్కదాన్నే. ఎగిరెగిరి పడ్న్యాది. వాగు దాటేతలికే..." అని ఆపేసింది.

జిలానీ ఆమె వైపు తిరిగాడు. "ఏ జీపు?"

"పచ్చ టాపుది."

పచ్చ టాపు జీపుకి ఆ పట్టీ వేసింది జిలానీయే. దర్గాకి రావడానికి నెల ముందు. ఈల వేసుకుంటూ వేశాడు. పని అయ్యాక ఆ డ్రైవరు చేత టీ కూడా తెప్పించుకున్నాడు.

అతను జీపు చక్రం పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఈదమ్మకి ఏమీ తెలియదు. బాబాకి తెలుసో లేదో ఆ ముఖం చూస్తే అర్థం కాలేదు.

తర్వాత జిలానీ లేచి జాకీ తీశాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు. బండి లేపి, రాళ్లు ఆనించి, కిందకి దూరాడు. ముందు పన్నెండో పట్టీ ఊడింది. ఆ తర్వాత ఇంకొకటి తీశాడు, మరొకటి తీశాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అటు నాలుగు, ఇటు నాలుగు పట్టీలు నేల మీద పడి ఉన్నాయి.

మట్టి కొట్టుకుపోయిన ముఖంతో బయటికి వచ్చాడు.

"షాకబ్జర్లు మెత్తనివి కావాలి బాబా. మధ్యాహ్నమే గిద్దలూరు వెళ్లి మార్చుకొస్తాను. కట్టల్లో ఇంకా ఎన్ని పట్టీలు తీయమంటారు?"

"నన్నడిగితే నాకేం తెలుస్తుంది?" బాబా చేయి చాపారు. "తాళంచెవి ఇటివ్వు. నువ్వు వెనక్కి ఎక్కు."

జిలానీ తాళంచెవి ఇచ్చి వెనక్కి ఎక్కాడు. రక్తం ఇంకా ఆరని బల్ల మీద ఎడమవైపు తిరిగి పడుకున్నాడు. తలుపు వేయబోయిన ఈదమ్మ ఆగి అతన్ని చూసింది.

"అట్ట గాదన్నా. కాళ్లు ఇంకా ముడుసుకోవాల. ఒక చెయ్యి కడుపు మింద పెట్టుకో."

ముందు ఇంజను మోగింది. జిలానీ కాళ్లు దగ్గరికి తీసుకుని, కడుపు మీద చేయి పెట్టుకున్నాడు.