చిలకగారికి మూడు ఉత్తరాలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పితే గాలి కూడా పక్కకు తప్పుకునేది. రెండోవాడు గుర్రమెక్కితే దుమ్ము తప్ప మనిషి కనపడేవాడు కాదు. మూడోవాడు వసుమంతుడు. అతనికి వచ్చింది ఒక్కటే, దస్తూరి. తాటాకు మీద గంటంతో రాశాడంటే ముత్యాలు పేర్చినట్టు ఉండేది. "ముత్యాలతో యుద్ధాలు గెలుస్తామా తమ్ముడూ?" అని అన్నలు నవ్వేవాళ్ళు. వసుమంతుడూ నవ్వేవాడు గానీ, లోపల మనసు చివుక్కుమనేది.

ఒకనాడు అతని కిటికీ మీద ఒక గూడబాతు వచ్చి వాలింది. గూడబాతంటే తెలుసు కదా, ముక్కు కింద సంచి వేలాడేసుకుని తిరిగే పెద్ద పక్షి. ఆ సంచిలోంచి ఒక తాటాకు తీసి అతని ఒళ్ళో పడేసింది.

"ఏడు సముద్రాలు దాటి వచ్చాను. ముందు నాకు చేపలు పెట్టు, ఆకు తరవాత చూసుకోవచ్చు" అంది.

చూస్తే ఆకు మీద ఏమీ లేదు. గంటంతో రాసిన ఆకు అంతే, మసి పూస్తేగాని అక్షరం కనపడదు. వసుమంతుడు కాస్త మసి తీసి రుద్దాడు.

"ఇది చదివేవారు ఎవరైనా సరే, మీ ఊళ్ళో ఇవాళ ఏం జరిగిందో రాయండి. ఇక్కడ నాకు సముద్రపు హోరు తప్ప వేరే కబురు లేదు. ఇట్లు, మందారవల్లి."

"ఎవరీమె?" అన్నాడు.

"రాజకుమార్తె. ధూమాక్షుడనే మాంత్రికుడు ఎత్తుకొచ్చి, మూడు కోటల నడుమ కూర్చోబెట్టాడు. వాడికి రాని మంత్రం లేదు, వచ్చిన అక్షరం లేదు. విసనకర్రలు అల్లుకుంటానని ఈమె తాటాకులు అడిగితే తెచ్చిచ్చాడు. నా సంచిలో ఈ ఆకు చూసి, అటు తిప్పి ఇటు తిప్పి, ఖాళీ ఆకే కదా అని వదిలేశాడు!" అని గూడబాతు కిచకిచ నవ్వింది.

వసుమంతుడు వెంటనే జవాబు రాశాడు. పట్టపుటేనుగు వంటింటి గోడ మీంచి తొండం చాచి పళ్ళెం నిండా బూరెలు తినేసింది, అప్పట్నుంచి వంటవాడికీ మావటివాడికీ మాటల్లేవు అని మూడు ఆకుల నిండా రాశాడు. "ఏనుగుకు అరిగిందా? వాళ్ళిద్దరూ కలిశారా? సగం కబురు రాసి ఆపేస్తే నాకు ముద్ద ఎలా దిగుతుంది?" అని ఆమె కోప్పడుతూ రాసింది. అలా ఏడాది గడిచింది. ఏం చూసినా, ఏం విన్నా, ఇది వల్లికి రాయాలి అనిపించేది వసుమంతుడికి. దాన్నే ప్రేమంటారని పాపం అతనికి ఎవరూ చెప్పలేదు.

ఒకసారి ఆమె అడిగింది. "మీరెలా ఉంటారు?"

వసుమంతుడేమో పొట్టివాడు. పెద్దన్న ఎత్తు తీసుకొచ్చి తనకు పెట్టుకున్నాడు. అది చాలక, మూడు పులుల్ని చంపానని కూడా రాశాడు. చూశారా ఎంత పని చేశాడో!

మళ్ళీ వచ్చిన ఆకులో ఇలా ఉంది. "వచ్చే పున్నమికి ధూమాక్షుడు నన్ను బలవంతంగా పెళ్ళాడతాడట. మూడు పులుల్ని చంపినవారు మీరుండగా నాకేం భయం? రండి."

వసుమంతుడు ఆ ఆకు పట్టుకుని తండ్రి దగ్గరికి పరిగెత్తాడు. సంగతి విని రాజు, "పెద్దవాణ్ణి పంపుదాం నాయనా" అన్నాడు.

"ఉత్తరం నాకు వచ్చింది నాన్నగారూ" అన్నాడు వసుమంతుడు. గంటం తీసి మందారవల్లికి రాశాడు. "పులులు అబద్ధం. ఆ ఎత్తూ అబద్ధం. గేదె ఎదురొస్తే నేను పక్కకు తప్పుకుంటాను. అయినా బయల్దేరాను. వద్దంటే చెప్పండి, దారిలోనే తిరిగిపోతాను."

గూడబాతు ఉత్తరంతో ముందు ఎగిరింది. దాని చుట్టం ఒక సముద్రపు తాబేలు వసుమంతుణ్ణి వీపున ఎక్కించుకుంది. మూడు సముద్రాలు దాటేదాకా అతనికి భయంతోనే సరిపోయింది. ఇంకో మూడు దాటేదాకా, వెనక్కి పొమ్మని రాస్తుందేమో అన్న దిగులుతో సరిపోయింది. అప్పుడు జవాబు వచ్చింది.

"పులుల సంగతి నాకు చదవగానే తెలిసింది. పులుల్ని చంపేవాడు బూరెల గురించి మూడు ఆకులు రాస్తాడా? నేను రమ్మన్నది బూరెల గురించి రాసినాయన్నే. ఇంకెప్పుడూ నాకు అబద్ధం రాయకండి. ఇక అసలు సంగతి. మాంత్రికుడి ప్రాణం నా గది పక్కన పంజరంలో ఉన్న చిలకలో ఉంది. పంజరానికి తలుపు లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అయినా చిలక బయటికి రాదు. బయట నిన్ను పిలిచే దిక్కెవరున్నారని వాడు రోజూ దానికి నూరిపోస్తాడు. ఒకడు కత్తితో వచ్చాడు, ఒకడు వలతో వచ్చాడు, ఒకడు తీపిమాటలతో వచ్చాడు. ప్రతిసారీ చిలక అరిచింది, మాంత్రికుడు వచ్చి మంత్రం వేశాడు. ముగ్గురూ రాళ్ళయిపోయారు."

ఏడో సముద్రం దాటి ఒడ్డున కూర్చుని వసుమంతుడు ఆలోచించాడు. కత్తి తిప్పడం రాదు, వల విసరడం రాదు. వచ్చింది ఒక్కటే. గంటం తీశాడు.

"చిలకగారికి వసుమంతుడు నమస్కరించి రాయునది. మీకు ఇష్టమైనది ఏమిటి?"

మందారవల్లి ఆ ఆకు చదివి వినిపించేసరికి చిలక గెంతులేసింది. "నాకా? నా పేరు మీదే వచ్చిందా? ఏదీ, మళ్ళీ చదువు!" మూడుసార్లు చదివించుకుని, "జామకాయలని రాయి తల్లీ" అంది.

రెండో ఉత్తరం నిండా వసుమంతుడు తన ఊరి జామతోట గురించి రాశాడు. ఏ చెట్టు కాయ తియ్యన, ఏ చెట్టు కాయ వగరు, అన్నీ రాశాడు. ఆ రోజు చిలక గింజ ముట్టలేదు.

మూడో ఉత్తరం దగ్గర అతని చెయ్యి ఆగింది. తియ్యగా ఏదో ఒకటి రాసి రప్పించవచ్చు. కానీ అబద్ధం రాయకండి అందే ఆమె! ఉన్నదున్నట్టు రాశాడు. "నేను మందారవల్లి కోసం వచ్చాను. మీరు ఆ పంజరంలో ఉన్నంతకాలం అది జరగదు. మీరు ఎగిరిపోతే మాంత్రికుడి బలం పోతుంది. ఇది నా స్వార్థం. మా తోటలో జామకాయలు పండాయి, ఇది నిజం. రావడం మీ ఇష్టం."

మందారవల్లి అదీ చదివి వినిపించింది. "ఇన్నాళ్ళకు నాకు ఒకడు నిజం చెప్పాడు" అంది చిలక. రివ్వున ఎగిరింది.

"నా ప్రాణం! నా ప్రాణం!" అంటూ ధూమాక్షుడు పరిగెత్తాడు. చిలక ఒక సముద్రం దాటేసరికి కొండంత మాంత్రికుడు ఏనుగంత అయ్యాడు. మూడు దాటేసరికి మేకంత అయ్యాడు. ఏడూ దాటేసరికి ఎండ్రకాయంతై ఇసుకలో దూరాడు. రాళ్ళయిన ముగ్గురూ ఒళ్ళు విరుచుకుంటూ లేచి ఇళ్ళకు పోయారు.

మందారవల్లి మూడు కోటలూ దాటి ఒడ్డుకు వచ్చింది. వసుమంతుడేమో తాబేలు వెనక నక్కాడు. పొట్టివాణ్ణి, చూసి నవ్వితే ఎలా?

"వసుమంతుడు మీరేనా?"

ఆ గొంతు వేణువులా ఏం లేదు. కొంచెం బొంగురుగా, జలుబు చేసినట్టు ఉంది. ఏడాదిపాటు ఆమె మాటలన్నీ చదివాడు గానీ, గొంతు మాత్రం ఏ ఆకూ మోసుకు రాలేదు. వసుమంతుడు పొట్టితనం మరిచిపోయాడు, లేచి నిలబడ్డాడు.

"ఇంకొక్కసారి అనండి" అన్నాడు.

"ఏమని?"

"నా పేరే."

ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి, నవ్వూ వచ్చింది. "పెళ్ళయితే మొగుణ్ణి పేరుపెట్టి పిలవకూడదు. కావలసినన్నిసార్లు ఇప్పుడే వినండి" అంది. ఏడు సముద్రాల పొడుగునా తాబేలు వీపు మీద కూర్చుని, వసుమంతుడూ, వసుమంతుడూ అని పిలుస్తూనే వచ్చింది.

అన్నలే దగ్గరుండి పెళ్ళి జరిపించారు. రాజు మూడోవాడికే పట్టం కట్టాడు. చిలక జామతోటలో కాపురం పెట్టింది. వసుమంతుడూ మందారవల్లీ అరవై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. నలుగురిలో ఆమె భర్తను పేరుపెట్టి పిలవనేలేదు. ఎవరూ లేనప్పుడు మాత్రం, అరవై ఏళ్ళూ, ఆ బొంగురు గొంతుతో పిలుస్తూనే ఉందట. అలా పిలిచిన ప్రతిసారీ ఆయన ఇంకొక్కసారి అనేవాడట. గూడబాతు విని నాకు చెప్పింది, నేను మీకు చెప్పాను. కథ దాని గూటికి అది ఎగిరిపోయింది. లేవండి, మనం అన్నాలకు పోదాం.