పేరయ్య గారి అనుమానం

మృత్యుంజయం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. గుంటూరు పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్లు బోధించి రిటైరయిన మనిషి. ఆదివారం పొద్దున బ్రాడీపేటలో ఆయన మేడమీద వరండాలో పాత శిష్యులు నలుగురైదుగురు చేరతారు. అడిగినదాన్ని బట్టి వాళ్ళని ఒకసారి రైల్వే గేటు దగ్గరికీ, ఒకసారి కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుకీ వెంటబెట్టుకుపోయిన ఘనత ఆయనది. తిరిగొచ్చాక ఒక్క ముక్క అంటారు. అది అర్థమైతే సరే, కాకపోతే వాళ్ళ ప్రాప్తం.

ఆ ఆదివారం హిమజ అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. మొహం చూస్తే రెండు రోజులుగా అన్నం సరిగ్గా తిన్నట్టు లేదు.

ఆ అమ్మాయి పనిచేసేది పేరయ్య గారి కంపెనీలో. మిరపకాయలు నిలవ చేసే కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. రైతు బస్తాలు దించగానే అవి ఎవరివి, ఏ గదిలో పెట్టారు అన్నది తెలుగులో రసీదై అచ్చయి వస్తుంది. డెబ్బై కోల్డ్ స్టోరేజీల్లో వాళ్ళ రసీదే నడుస్తోంది. అయితే ఆ తెలుగు అక్షరాలు ఒత్తులతో సహా చెదరకుండా కాగితం మీద పడేట్టు చేసే ప్రోగ్రాం మాత్రం కంపెనీ రాసింది కాదు. దాని పేరు ‘గుణింతం’. ఓపెన్ సోర్స్‌ది. అంటే ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపలేముందో విప్పి చూసుకోవచ్చు, తమ పనికి వాడుకోవచ్చు. దాన్ని రాసి, పదకొండేళ్ళుగా మరమ్మతులు చేస్తూ వస్తున్నది తెనాలిలో ఎస్తేరు రాణి అనే ఆవిడ. ఒక్కతే.

కొత్త ప్రింటర్లు వచ్చినప్పుడు రసీదుల్లో రైతుల పేర్లన్నీ ముక్కలు ముక్కలుగా పడ్డాయి. హిమజ ఆవిడకి మెయిల్ రాస్తే రెండు రోజుల్లో సరిచేసి పంపింది. ఎవరు మీరు, నాకేమిస్తారు అని అడగలేదు. హిమజకి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే పేరయ్య గారి గదిలోకి వెళ్ళి, “సార్, మన రసీదంతా ఆవిడ చలవే. కంపెనీ తరఫున నెలనెలా కొంత విరాళం పంపిద్దాం” అంది. అదీ ఆ పిల్ల చేసిన నేరం.

పేరయ్య గారు మిర్చి యార్డులో పెరిగిన మనిషి. యార్డులో బస్తా పైన ఎప్పుడూ మేలు కాయే కనిపిస్తుంది. తాలు కాయ అడుగున దాస్తారు, బరువు తూగడానికి నీళ్ళు కొడతారు. అందుకని కొనేవాడు మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు తీసి చూస్తాడు. సాఫ్ట్‌వేర్లోకి వచ్చినా ఆయనకా చెయ్యి అలవాటు పోలేదు, మనుషుల దగ్గర కూడా.

“ఊరికే ఇచ్చేదానికి డబ్బులేందమ్మా?” అన్నారాయన. “ఆవిడ మీకు చుట్టమా? ఇందులో నీకేం ముడుతుంది?”

తర్వాత మూడు కొటేషన్లు పట్టుకురమ్మన్నారు. ఉచితంగా వచ్చేదానికి మూడు చోట్ల రేటు కనుక్కురమ్మంటే ఏ పిల్లయినా ఎక్కడికి పోతుంది చెప్పండి! హిమజ తెల్లమొహం వేసింది. ఆ తెల్లమొహమే ఆయనకు సాక్ష్యమైపోయింది. కొనుగోళ్ళ విభాగం వాళ్ళు తమ ఆచారం ప్రకారం సరుకు సరఫరాదారులకిచ్చే పదకొండు పేజీల ఫారం ఒకటి ఎస్తేరు రాణికి పంపారు. దానికి జవాబే రాలేదు. “చూశావా, గప్‌చిప్!” అన్నారు పేరయ్య గారు. శుక్రవారం నాడు హిమజ లాప్‌టాప్ తీసేసుకుని, సోమవారం లోపల అసలు సంగతి చెప్పమన్నారు, లేదా రాజీనామా రాసిమ్మన్నారు.

ఇదంతా చెప్పి హిమజ అడిగింది. “మాస్టారూ, ఇచ్చేవాళ్ళకు మనమూ ఇవ్వాలని అనుమానపు మనిషికి ఎలా నచ్చజెప్పాలి? మంచిమాట చెప్పబోతే నన్నే దొంగని చేశారు.” అంటూనే ఏడ్చేసింది.

మిగతావాళ్ళు రాకముందే మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు. “మీ సారు ఆదివారం ఎక్కడుంటారమ్మా?”

ఆఫీసులోనే ఉంటారు. ఎవరూ లేనప్పుడు ఎవరి బల్ల మీద ఏముందో చూసుకోవడానికి ఆయనకు ఆదివారమే వీలు. వీళ్ళు వెళ్ళేసరికి ఒక సొరుగు తెరిచి చూస్తున్నారు. హిమజ వెనక ఓ పెద్దమనిషిని చూసి, సిఫార్సు తెచ్చుకుందన్నమాట అనుకున్నట్టు మొహం చిట్లించారు.

మాస్టారు నమస్కారం పెట్టి, కూర్చోకుండానే అన్నారు. “ఈ అమ్మాయిని అనుమానిస్తున్నారట. చాలా తక్కువగా అనుమానిస్తున్నారండీ. బస్తా మీద చెయ్యి ఆనించి ఊరుకున్నారు. తెనాలి ఎంత దూరం?”

హిమజ చటుక్కున మాస్టారి కేసి తిరిగింది. తనని గట్టెక్కించడానికి వచ్చిన మనిషి నిప్పులో నెయ్యి పోస్తున్నాడేమిటి! పేరయ్య గారికి మాత్రం ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. కారు తాళాలు తీశారు. “పదండి. నీ ఫోను నాకియ్యమ్మా. ముందే కబురు పోతే ఇంక అక్కడ చూసేదేముంది?”

కారు తెనాలి దారి పట్టింది. ముందు సీట్లో కూర్చున్న హిమజకి బుర్రలో పురుగు దొలవడం మొదలైంది. నిజమే, పదకొండేళ్ళు ఊరికే ఎవరు చేస్తారు? ఆవిడ ఫారానికి జవాబెందుకివ్వలేదు? మాస్టారికి పేరయ్య గారితో పాత పరిచయమేమైనా ఉందా? ఛీ ఛీ, ఏమిటీ ఆలోచన అనుకుంది గానీ, అనుమానం పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి అంటుకునే రకం.

ప్రోగ్రాంతోపాటు ఇచ్చిన అడ్రసు ప్రకారం వెళితే అది ఓ సందులో చిన్న పెంకుటిల్లు. గోడకి ‘డీటీపీ చేయబడును’ అని బోర్డు. తలుపు కొడితే కిటికీ రెక్క నాలుగు వేళ్ళ వెడల్పు తెరుచుకుంది.

“ఎవరండీ?”

“రసీదుల కంపెనీ నుంచి వచ్చామండి, గుంటూరు” అంది హిమజ.

రెక్క ఠక్కున మూసుకుంది. లోపల్నుంచే గొంతు వినిపించింది. “నేను ఎక్కడా సంతకం పెట్టను. ఆ ఫారం మా తమ్ముడికి చూపించాను. మీకు నష్టమొస్తే నేను కట్టాలని రాశారంట ఏడో పేజీలో. కేసు పెట్టడానికేగా వచ్చారు? నేను మీ దగ్గర రూపాయి తీసుకోలేదు.”

హిమజ తలుపుకి నుదురానించి, ఆ ఫారం సంగతి తనకి తెలియదనీ, ప్రింటర్ల గురించి మెయిల్ రాసిన అమ్మాయి తనేననీ చెప్పింది. కాసేపటికి గొళ్ళెం తీసిన చప్పుడైంది. ఎస్తేరు రాణికి యాభై ఏళ్ళుంటాయి. కుడి మణికట్టుకి పట్టీ ఉంది. ముగ్గురినీ బెంచీ మీద కూర్చోబెట్టి తను మాత్రం గుమ్మం దగ్గరే నిలబడింది, అవసరమైతే కేకేయడానికి వీలుగా.

పేరయ్య గారు చెయ్యి దూర్చారు. ఇల్లు సొంతమా, సంపాదన దేనిమీద, ఈ ప్రోగ్రాం వల్ల ఎవరైనా ఏమైనా ఇస్తారా, ఇవ్వకపోతే ఎందుకు చేస్తున్నారు? ఆవిడ అన్నిటికీ చెప్పింది. పెళ్ళికార్డులూ, బడుల ప్రశ్నపత్రాలూ టైపు చేస్తుంది. అప్పట్లో కార్డుల్లో ఒత్తులు ఎగిరిపోయి పెళ్ళివారు మీదికొచ్చేవారు. ఆ బాధ పడలేక తనే నేర్చుకుని ప్రోగ్రాం రాసింది. “బాగైపోయాక ఇంక దాచుకోవడమెందుకని బయటపెట్టానండి. అందరికీ అదే బాధేగా.”

“అంతేనా?” అన్నారు పేరయ్య గారు. ఆయన చెయ్యి అడుగుదాకా వెళ్ళింది గానీ తాలు కాయ తగల్లేదు. ఆ సంగతి ఆయనకు బొత్తిగా నచ్చలేదు.

“అంతేనండి. అదీ ఎల్లుండితో సరి. చెయ్యి పనికి రావట్లేదు. తప్పులున్నాయని రాసి పంపేవాళ్ళు వందల మంది, దిద్దేదాన్ని నేనొక్కదాన్ని. ఒకాయన తను చూసుకుంటానన్నాడు. తాళాలన్నీ అప్పగించేస్తున్నా.”

పేరయ్య గారి చెవులు నిక్కాయి. “ఎవరాయన?”

ఎవరో ఆవిడకీ తెలియదు. ఆర్నెల్ల నుంచి కంప్యూటర్లో మాట్లాడుతున్నాడు. పేరు ఏదో ఉంది. ఫొటో ఉండాల్సిన చోట పిల్లి బొమ్మ ఉంది.

“ఏ ఊరు?”

“అడగలేదండి.”

“ఏం పని చేస్తాడు?”

“చెప్పలేదు.”

“ఇందులో ఆయనకేం వస్తుంది?”

“ఏమీ అక్కర్లేదన్నాడండి.”

పేరయ్య గారు తొడ చరుచుకున్నారు. ఆ ఒక్కమాటకి ఆయన మొహంలో ప్రాణం లేచొచ్చింది. హిమజ బెంచీ మీంచి లేచింది. “సార్, తాళాలంటే ఇంటి తాళాలు కాదు. అవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు గుణింతంలో ఏది కలిపితే అది తర్వాతి మార్పుతోపాటు మన డెబ్బై స్టోరేజీల్లోకీ వచ్చేస్తుంది. ఎవరమూ చూడం. ఇన్నాళ్ళూ మనం చూశామా?”

పేరయ్య గారు ఒక్క క్షణం ఆ అమ్మాయి కేసి చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. “ఆయన్ని పిలవమ్మా. మొహం చూపించమను.”

ఎస్తేరు రాణి కదల్లేదు. “నాకూ ఏమీ అక్కర్లేదనేగా చెప్పాను. నన్నూ ఇలాగే అనుకున్నారా?”

“అనుకున్నానమ్మా” అన్నారాయన, దాచకుండా. “అందుకేగా ఇంత దూరం వచ్చి చూశాను. ఆయన్నీ చూద్దాం. మంచోడైతే ఆయనకి పోయేదేముంది?”

ఆవిడ రాసింది. నిమిషంలో జవాబొచ్చింది, కెమెరా పాడైపోయిందట. పోనీ గొంతు వినిపించమన్నారు. ఒంట్లో బాగాలేదట. మీరు చాలా అలసిపోయారు, ఎల్లుండి దాకా ఎందుకు, ఇప్పుడే అప్పగించేసి విశ్రాంతి తీసుకోండి అని మరో మాట. “తొందరెందుకో అడుగమ్మా” అన్నారు పేరయ్య గారు. దానికి జవాబు రాలేదు. ఆవిడ లోపలికెళ్ళి అందరికీ మజ్జిగ తెచ్చింది. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి ఆ పిల్లి బొమ్మా లేదు, పేరూ లేదు. అతను దొంగో, లేక మొహం చూపించడానికి జంకే మామూలు మనిషో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఎస్తేరు రాణి ఆ ఖాళీ చోటు కేసి చూస్తూ ఉండిపోయింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. “పదకొండేళ్ళలో ‘అలసిపోయారా’ అని అడిగింది ఆయనొక్కడేనండీ” అంది.

పేరయ్య గారు లేచి, తాళాలు ఎవరికీ ఇవ్వొద్దని ఆవిడకి రెండుసార్లు చెప్పి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా కారు దగ్గరికి నడిచారు.

నందివెలుగు ఊరు దాటాక నోరు విప్పారు. “ఏమ్మా, నువ్వడిగింది రేపట్నుంచి నెలనెలా పంపించెయ్. ఆ ఫారం పంపిన వాళ్ళతో నేను మాట్లాడతా. వారానికి ఒకరోజు మన పని మానేసి ఆవిడ పని నువ్వు చూడు, జీతం నేనిస్తా.” ఇంకొంచెం దూరం పోయాక, “నీ ఫోను ఇదిగో. లాప్‌టాప్ నా బీరువాలో ఉంది, పొద్దున్నే వచ్చి తీసుకో” అన్నారు. క్షమించమనలేదు. ఆ మాట ఆయన నోట వస్తుందని హిమజ ఎదురుచూడనూ లేదు. ఫోను రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది, ఉద్యోగం నిలిచిందన్న సంతోషంతో.

బ్రాడీపేటలో దింపేటప్పుడు కారు అద్దం దించి మళ్ళీ అన్నారు. “నెలకోసారి మనం వెళ్ళి చూసొస్తుండాలమ్మాయ్. ఏమీ ఆశించకుండా చేస్తోందంటే నాకింకా నమ్మకం కుదర్లేదు.”

కారు మలుపు తిరిగేదాకా హిమజ ఆగింది. అప్పటి దాకా బిగపట్టిన నవ్వూ, ఉక్రోషమూ ఒక్కసారే వచ్చాయి. “చూశారా మాస్టారూ! ఆయన మనసు కరిగి ఇచ్చారో, భయపడి ఇచ్చారో కూడా తెలియట్లేదు. మనిషి పిసరంతైనా మారలేదు.”

“మారమని ఎవరడిగారమ్మా?” అన్నారు మాస్టారు మెట్లెక్కుతూ. “నిన్నటిదాకా నీకేసి చూస్తూ కూర్చున్నాడు. రేపట్నుంచి అదే అనుమానంతో ఆవిడ గుమ్మంలో కూర్చుని వీధికేసి చూస్తాడు.”