ప్లేటు చివర పేరు

సన్యాసమ్మకు ముప్పై ఏళ్లు. పొయ్యితో పోట్లాడనిదే వంట మొదలుపెట్టేది కాదు.

ఎప్పటి మాటంటే, పెట్టెకున్న పిడి తిప్పితే లోపల ఎవరో కూర్చుని పాడతారని జనం నమ్మిన రోజుల మాట. విజయనగరం చుట్టుపక్కల ఊళ్లలో ఒక నాటకాల జట్టు తిరిగేది. అందులో రాజులు మగవాళ్లు, రాణులూ మగవాళ్లే. రాణిగారికి రోజూ పొద్దున్నే గడ్డం గీసేవారు. ఆడదానికి ఆ జట్టులో ఒక్కటే వేషం ఉండేది, వంటమనిషి వేషం. అది సన్యాసమ్మది.

"ఓసి పొయ్యీ, నీకేటి రోగమే? పుల్లలు మింగుతావు, మంట మాత్రం కక్కవు. మా మావకి చెల్లెలివేటే నువ్వు?" అని ఆమె అరిచేది. జట్టంతా నవ్వేది. అందరికన్నా ఎక్కువ నవ్వేవాడు గవరయ్య. అతను జట్టులో హాస్యగాడు. నవ్వి ఊరుకునేవాడు కాదు, అవే మాటలు స్టేజీ ఎక్కి తనవిగా చెప్పేవాడు. జనం ఈలలు వేసేవారు. తెర వెనక అంట్లు తోముకుంటూ సన్యాసమ్మ ఆ ఈలలు వినేది.

ఆమె జట్టులోకి ఎలా వచ్చిందంటే, పారిపోయి వచ్చింది. మొగుడు పోయిన ఏడాదికి బావగారు ఉంచుకుంటానన్నాడు. ఆయన ఆ ఊరికి నాయుడు, అంటే పెద్ద. ఆమె రాత్రికి రాత్రే ఊరవతల పారే గెడ్డ దాటేసింది. మరదలు గెడ్డలో పడి పోయిందని నాయుడు ఊళ్లో చాటించాడు. అదే ఊళ్లో ఉన్న ఆమె తల్లి సూరమ్మ నమ్మింది. నమ్మి, పెద్దల పండక్కి పోయినవాళ్ల పేరున కొత్తబట్టలు పెట్టేటప్పుడు, ఏటేటా కూతురి పేరున ఒక చీర పెడుతోంది.

ఈ సంగతి సన్యాసమ్మకి ఒక సంతలో తెలిసింది. అటువైపు మనిషి ఒకడు, ఈమె ఎవరో తెలియక, అంతా చెప్పాడు. నాయుడు పాటల పెట్టె కొన్నాడనీ, సాయంత్రమైతే ఊరంతా ఆయన అరుగు కిందే కూర్చుంటోందనీ కూడా చెప్పాడు.

ఆమె ఆ ఊరికి వెళ్లలేదు. వెళితే నాయుడు పట్టుకుంటాడు. కబురు పంపుదామంటే, ఆ ఊరు వెళ్లే ప్రతివాడూ ముందు నాయుడి అరుగు మీదే కూర్చుంటాడు. తను బతికే ఉన్నానని తల్లికి తెలియడం ఎలా?

అప్పుడు గవరయ్యకి చెన్నపట్నం నుంచి పిలుపు వచ్చింది, పాటల పెట్టె మీద తిరిగే హాస్యం ప్లేట్లు ఇవ్వమని. ఆడవేషం కట్టే అప్పలస్వామిని వెంట తీసుకెళ్లాడు. చేపల పులుసు లేకపోతే నోట మాట రాదని సన్యాసమ్మనీ తీసుకెళ్లాడు. చెన్నపట్నంలో అప్పలస్వామి మొదటిరోజే ఐసు సోడాలు వరసపెట్టి తాగాడు. గొంతు పోయింది.

"పెళ్లాం లేకుండా మొగుడూ పెళ్లాల పోట్లాట ఎలాగరా!" అని గవరయ్య తల పట్టుకున్నాడు. చివరికి వంటింటి వైపు చూశాడు. "పొయ్యితో మాట్లాడినట్టు ప్లేటు పట్టే బూరాతో మాట్లాడు, చాలు" అన్నాడు.

ఆ గదికి కిటికీలు మూసేశారు. గోడలకి కంబళ్లు కట్టారు. మధ్యలో పెద్ద బూరా, దాని వెనక మైనపు ప్లేటు, ప్లేటు పక్కన చెమటలు కక్కుతూ ఒక దొర. దొరకి తెలుగులో రెండే మాటలు వచ్చు: నా పేరు. ఎందుకంటే ఆ ప్లేటు సముద్రం దాటి వెళ్లి అచ్చు పడి తిరిగొస్తుంది. అక్కడివాళ్లకి ఏ పాట ఎవరిదో తెలియదు. అందుకని పాట అయ్యాక పాడినవాళ్లు "నా పేరు ఫలానా" అని చెప్పాలి. దొర ఆ మాట కోసం చెవులు నిక్కించి ఉంటాడు. వినగానే ముల్లు ఎత్తేస్తాడు, పేరు రాసుకుంటాడు. ప్లేటు మీద ఆ పేరే పడుతుంది.

సన్యాసమ్మ కాకరకాయ కూర మీద గవరయ్యని కడిగిపారేసింది. చివర గవరయ్య బూరాలోకి వంగి "నా పేరు గవరయ్య!" అన్నాడు.

"నా పేరో, బాబూ?" అంది సన్యాసమ్మ.

"ఆడదాని పేరు ఊరూరా మోగితే ఏం మర్యాదే? వంట చూడు."

ప్లేటు ఊళ్లకి వచ్చింది. జనం విరగబడి నవ్వారు. నవ్వాక ఒకటే ప్రశ్న, ఆ ఆడగొంతు ఎవరిది? గవరయ్యకే రెండు గొంతులున్నాయని కొందరన్నారు. దొరసాని తెలుగు నేర్చుకుందని కొందరన్నారు. అది పెట్టె సొంత గొంతని కొందరన్నారు. ఇందరిలో ఒక్కరికీ, ఒక ఆడమనిషి వచ్చి మాట్లాడి ఉంటుందని తోచలేదు.

నాయుడి అరుగు కింద సూరమ్మ మాత్రం తల ఎత్తింది. "నా పిల్ల గొంతులా ఉంది నాయుడా."

"గెడ్డలో పోయినోళ్లు పెట్టెలో పాడతారేటి? ఎల్లెల్లు" అన్నాడు నాయుడు.

మరుసటి ఏడు మళ్లీ చెన్నపట్నం. ఈసారి అప్పలస్వామి గొంతు బాగానే ఉంది గానీ, జనం అడుగుతున్నది వేరే గొంతు. సన్యాసమ్మ పాట కట్టింది.

"పొయ్యిమీద పప్పుంది,
పొరుగూళ్లో మొగుడున్నాడు,
ఏది ముందు మాడుతుందో
ఏటి సెప్పగలనమ్మా!"

చివర గవరయ్య వంగి "నా పేరు గవరయ్య!" అన్నాడు.

"నా పేరో, బాబూ? మాయమ్మ నేను పోయాననుకుంటోంది. పేరు వింటే తెలుస్తాది."

"నీ ఏడుపు నా హాస్యం ప్లేటులో ఎందుకే? ఒక ప్లేటుకి ఒకటే పేరు. వంట చూడు."

ఆ పప్పు పాట మొదటిదానికన్నా ఎక్కువ మోగింది. పిల్లలు పాడారు, కల్లు దుకాణంలో తాతలు పాడారు. సూరమ్మ మళ్లీ తల ఎత్తింది. "ఆ పాట కట్టేది నా పిల్లే నాయుడా."

"పిచ్చి ముదిరింది ముసలిదానికి" అన్నాడు నాయుడు.

మూడో ఏడు నవ్వుల పాట. అందులో మాటలు తక్కువ. మొగుడు దొంగచాటుగా అరిసెలు తింటాడు, పెళ్లాం చూసి నవ్వుతుంది, అంతే. ఈసారి సన్యాసమ్మ పేరు సంగతి ఎత్తలేదు.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మొదట సన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని, తర్వాత గుక్క తిప్పుకోకుండా. ఎదుటివాళ్లు నవ్వితే ఆగలేని జబ్బు గవరయ్యది. అతనికీ నవ్వు వచ్చింది, వేషం నవ్వు కాదు, నిజం నవ్వు. కళ్లలో నీళ్లు కారాయి. గోడ పట్టుకున్నాడు. కూలబడ్డాడు. ప్లేటు చివరికొచ్చేసింది. దొర చెయ్యి ఊపుతున్నాడు, చెప్పు, చెప్పు అని. గవరయ్య నోరు తెరిస్తే నవ్వే వస్తోంది.

సన్యాసమ్మ చప్పున నవ్వు ఆపింది. బూరాలోకి వంగింది.

"అమ్మా, నేను బతికే ఉన్నాను. నా పేరు సన్యాసమ్మ."

దొర తనకి తెలిసిన రెండు మాటలూ విన్నాడు. తృప్తిగా ముల్లు ఎత్తాడు. పేరు రాసుకున్నాడు. గవరయ్య ఇంకా నేల మీదే ఉన్నాడు. నవ్వులో పడి ఏం జరిగిందో వినలేదు. ప్లేట్లు అచ్చు పడి తిరిగొచ్చాక ఆ పేరు చూసి, ఆ పూట చేపల పులుసు కూడా ముట్టలేదట.

నాయుడు కొత్త ప్లేటు తెప్పించాడు. తన అరుగు మీద, ప్లేటు మీది పేరు చూడకుండానే, తన చేత్తో పిడి తిప్పాడు. ఊరంతా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చివరి మాట దగ్గర ఒక్కసారిగా ఆగిపోయింది.

"మళ్లీ వెయ్యి నాయుడా" అంది సూరమ్మ.

నాయుడు ప్లేటు తీసి నేలకేసి కొట్టాడు. సూరమ్మ లేచింది. పక్క ఊరు నడిచింది. అక్కడ కోమటి దుకాణంలో ఆ ప్లేటే ఉంటే మూడుసార్లు వేయించుకుని వింది. తర్వాత ఇంటికొచ్చి, ఆ ఏడు పెద్దల పండక్కి కొని ఉంచిన చీర చంకన పెట్టుకుని గవరయ్య జట్టును వెతుక్కుంటూ బయల్దేరింది.

దొరికింది. కూతురు వంట దగ్గర దొరికింది. "పోయినోళ్లకి కొన్న చీర. కట్టుకుంటావా?" అంది.

"కట్టుకోక? అంచు బాగుంది" అంది సన్యాసమ్మ. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. పొయ్యిమీద అన్నం మాడిపోయింది.

నాయుడు ఏం చేశాడని అడుగుతారు మీరు. ఏం చేస్తాడు? చచ్చిపోయిందని తనే చాటించిన మనిషి మీద ఏ హక్కు అడుగుతాడు?

సన్యాసమ్మ పోయి ఎంత కాలమైందో ఎవరూ చెప్పలేరు. ప్లేట్లు విరిగిపోయాయి, పెట్టెలు పాతసామాన్ల వాడికి పోయాయి. అయినా ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ నాట్లలో గానీ, పెళ్లిపందిట్లో గానీ ఆడమనిషి పాట పాడి ఊరుకుంటే పక్కవాళ్లు ఊరుకోరు. "పాట బాగుంది, పేరేదీ?" అంటారు. పాడినామె గొంతు సవరించుకుని తన పేరు గట్టిగా చెప్పాలి. చెప్పేదాకా రెండో పాట ఎత్తనివ్వరు. కొత్త కోడళ్లయితే సిగ్గుపడతారు. సిగ్గుపడినా చెప్పిస్తారు.

సన్యాసమ్మ ఆ తర్వాత మారుమనువు చేసుకుంది. ఆయన పేరేమిటో ఎవరికీ తెలియదు.