సాయమ్మ పెట్టని సంతకం

సోమసుందరం గారు హత్య కేసుల అప్పీళ్లు వాదించే పెద్ద వకీలు. దగ్గరున్న జూనియర్లు ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ముందు ఆఫీసులో పనిచేసే సాయమ్మను టీ తెమ్మంటారు.

ఆ రోజు అడిగింది వకుళ. మర్నాడు గొర్రెల కాపరి బీరప్ప అప్పీలు విచారణకొస్తోంది. యావజ్జీవ శిక్ష పడ్డ మనిషి. హత్య జరిగిన వేళకు తాను పది మైళ్ల అవతల, బావమరిది చేలో ఎరువు కోసం మంద కట్టి ఉన్నానని మొదటినుంచీ ఒకే మాట చెబుతున్నాడు. చూసినవాళ్లు ఆ బావమరిదీ, అతని భార్యా. సొంతవాళ్ల మాట కదా అని కింది కోర్టు పక్కన పెట్టేసింది. బీరప్ప గుడిసెలో కత్తి దొరికిందన్న పంచనామానే నమ్మింది. దానిమీద సంతకం పెట్టిన సాక్షేమో, స్టేషన్లో ఖాళీ కాగితం మీద పెట్టించారని బోనులోనే చెప్పాడు. రేపు ఆ ముక్క వాదించాల్సింది వకుళే. ఆమె నోరు విప్పబోయే మొదటి అప్పీలు అది.

"సార్, ఒక ప్రాణం పోయిన కేసు. సంతకం ముందు పెట్టాడా, రాత ముందు రాశారా అని పట్టుకు వేలాడాలంటే నాకే సిగ్గుగా ఉంది. నిజంగా అతనే చంపి ఉంటే?"

ఆయన టీ తెమ్మని కేకేశారు. తర్వాత ఒక తెల్ల కాగితం తీసి, "ఇక్కడో సంతకం చెయ్యమ్మా, పైన తర్వాత రాసుకుంటాను" అన్నారు. వకుళ ఆయన ముఖంలో జవాబు వెతుక్కుంటూనే సంతకం గీకేసింది.

సాయమ్మ గ్లాసులతో వచ్చింది. అరవయ్యో ఏట రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన మనిషి.

"నువ్వూ పెట్టు సాయమ్మా."

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, కాగితం ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఏం లేదు కదా బాబుగారూ?"

"తర్వాత రాస్తాను."

"అయితే నేనూ తర్వాతే పెడతాను. వేలిముద్రల రోజుల్లో ఎవరేం రాసుకున్నారో నాకేం తెలుసు! ఇంత కష్టపడి నేర్చుకున్నది ఎందుకంట?"

వకుళ ఫక్కున నవ్వింది. "సాయమ్మా, సార్ మీద కూడా నమ్మకం లేదా నీకు?"

"నా టీ మీద నీకు నమ్మకమేగా తల్లీ? అయినా చీమ పడిందేమోనని రోజూ తొంగి చూసి తాగవూ!" అనేసి సాయమ్మ వెళ్లిపోయింది.

సోమసుందరం గారు వకుళ సంతకం పైన నాలుగు వరుసలు రాసి, తాపీగా చదివారు. "సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు, నేను చూస్తుండగా, ఈ బీరువా వెనక నెత్తురు మరకల కత్తి దొరికింది."

వకుళ నవ్వు ఆగిపోయింది. "సోమవారం నేను ఊళ్లోనే లేను సార్! మా అక్క కూతురికి చెవులు కుట్టిస్తుంటే వెళ్లాను."

"ఎవరు చూశారు?"

"అక్క, బావ, వాళ్ల అత్తగారు... అందరూ చూశారు."

"అంటే, మీవాళ్లు."

అది ఉత్తుత్తి రాతని తెలిసినా వకుళ ఆ కాగితం లాక్కుని చింపబోయింది.

ఆయన చెయ్యి అడ్డుపెట్టారు.

"చింపకమ్మా. బీరప్ప కాగితాల కట్టలో పెట్టుకో. రేపు సిగ్గనిపించినప్పుడు ఒకసారి తీసి చూసుకో."