ముగింపు మీద తగువు

సదాశివం మాస్టారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళకి ఏదో ఒక పని పురమాయించేవారు. బందరులో ఆయన దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్న అందరికీ ఈ సంగతి తెలుసు. షాహీన్‌కి మరీ బాగా తెలుసు. అయినా ఆ రోజు కోపం పట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, నలభైమంది కలిసి ఒక అబద్ధాన్ని మెచ్చుకుంటే అది మంచి పుస్తకమైపోతుందా?"

ఆ కోపానికి కారణం ఉంది. ఒక కొత్త నవల మీద వచ్చిన పాఠకుల ఉత్తరాలన్నీ చదివి, చివర తన తీర్పు రాసిమ్మని ఓ మాసపత్రిక ఆమెను అడిగింది. గ్రహాల మధ్య ప్రయాణాలూ, లెక్క తప్పని యంత్రాలూ ఉండే నవలలంటే షాహీన్‌కి ప్రాణం. ఇదేమో వాన కోసం తన పేరునే కొండకి ధారపోసిన ఒక ఆడమనిషి కథ. అందులో కొండ మాట్లాడుతుంది, మబ్బులు అలుగుతాయి. వంద పేజీలకే విసుగొచ్చి మూసేసింది. ఉత్తరాలు రాసినవాళ్ళు మాత్రం ఒకరిని మించి ఒకరు పొగిడారు. "ఇలాంటివి ఎవరైనా అల్లగలరు. ఈ పాఠకులకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు" అని తీర్పు రాసి పెట్టుకుంది. పత్రికకి పంపడమే తరువాయి.

మాస్టారు బల్ల మీదున్న గ్రంథాలయం పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టారు. అదే నవల.

"మా వీధి మార్తమ్మగారికి కంటి ఆపరేషన్ అయింది. ఇది సగంలో ఆగిపోయిందని బెంగపెట్టుకున్నారు. మిగతాది నువ్వు చదివి వినిపించు."

మార్తమ్మ ముప్పయ్యేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సాయంత్రం షాహీన్ స్కూటీ చప్పుడు వినగానే పొయ్యి మీద టీ పెట్టేది. చదువుతుంటే మధ్యలో "అయ్యో పిచ్చిదానా, అటు వెళ్ళకు" అని కథలోని మనిషిని మందలించేది. మొదట్లో షాహీన్ ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివింది. నాలుగో రోజుకి కొండ మాట్లాడేచోట తన గొంతు తానే లావు చేసుకుంటోందని ఆమెకే తెలియలేదు.

ఆరో రోజున చివరికొచ్చేసరికి ఎనిమిది పేజీలు లేవు. ఎప్పుడో ఊడిపోయాయి. మార్తమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ ముఖం చూశాక లేవని చెప్పడానికి షాహీన్‌కి నోరు రాలేదు. ఎవరైనా అల్లగలరని తానే రాసింది కదా, అల్లేసింది. కొండ మనసు కరిగి పేరు తిరిగిచ్చింది. వాన కురిసింది. ఊరంతా మేళతాళాలతో ఆమెకు ఎదురొచ్చింది.

మార్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇది ఆ రచయిత్రి రాసింది కాదు తల్లీ."

"మీకెలా తెలుసు?"

"ఇంత కథలో ఆవిడ ఎవరినీ వానలో ఊరికే నిలబెట్టలేదు. ఎవరో ఒకరు పొడిబట్ట తెచ్చిచ్చేవారు. నీ ఊరివాళ్ళు మేళం తెచ్చారు గానీ తువ్వాలు తేలేదు."

షాహీన్‌కి చెవులు వేడెక్కాయి. పేజీలు లేవన్న సంగతి చెప్పింది. అడక్కపోయినా మిగతాదీ చెప్పేసింది. పత్రికవాళ్ళిచ్చిన పుస్తకం ఇంట్లోనే ఉందని, కొండలు మాట్లాడడమేమిటని విసుక్కుని సగమైనా చదవకుండా తీర్పు రాశానని.

"ఇంట్లో పుస్తకం పెట్టుకుని ఇక్కడ కూర్చున్నావా? పరిగెత్తు," అంది మార్తమ్మ.

పది నిమిషాల్లో పుస్తకం వచ్చింది. అందులోనూ కొండ పేరు తిరిగిచ్చింది. శిఖరం మీంచి ఆ పేరు పెట్టి గట్టిగా పిలిచింది. దారిన పోతున్న ఆమె ఆ పిలుపు విని, ఎవర్నో పిలుస్తున్నారు పాపం అనుకుంటూ నడిచిపోయింది. అక్కడితో కథ అయిపోయింది.

మార్తమ్మకి ఒళ్ళు మండింది. "ఇదేం ముగింపు! జ్వరంలో కన్నబిడ్డల్ని మరిచినవాళ్ళు కూడా పేరు పెట్టి పిలిస్తే తలతిప్పేవారు. ఎంతమందిని చూశాను! ఇక్కడ మాత్రం ఆవిడ తప్పు రాసింది."

"కాదండీ!" షాహీన్ లేచి నిలబడింది. "ఆ పేరున్న మనిషి కొండ ఎక్కినప్పుడే అయిపోయింది. దిగినావిడ వేరు. పేరు తిరిగి దొరికేదైతే ఆమె ఇచ్చిందేముంది?"

"కొండలు మాట్లాడతాయా అని విసుక్కున్న పిల్లవి నువ్వేనా?"

"ఈ కొండ మాట్లాడుతుంది!"

అన్నాక తనకే నవ్వొచ్చింది. మార్తమ్మ నవ్వలేదు. చల్లారిన టీని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, ఇంకో రోగి సంగతి రుజువుగా ఎత్తుకుంది.

మర్నాడు పొద్దున్నే షాహీన్ మాస్టారింటికి వెళ్ళి, కూర్చోకుండానే అంతా చెప్పింది. తీర్పుకి ఇంకో నెల గడువు కావాలని పత్రికకి రాశానంది.

"ఇంతకీ ఎవరి మాట నెగ్గింది?" అన్నారు మాస్టారు.

"ఇంకా తేలలేదు మాస్టారూ. ఆవిడ పంతం పట్టారు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి."

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"తేలనివ్వకమ్మా," అన్నారు.