మడాకు కొలత

ఏరు వెళ్లి సముద్రంలో కలిసే చోట నల్లమొగ అనే మడ అడవి ఉండేది. అందులో కొంగలు, గూడబాతులు, నీటికుక్కలు, బావురుపిల్లులు, లెక్కలేనన్ని పీతలు కాపురం ఉండేవి. అడవి మధ్య నుంచి రెండు పాయలు పారేవి. ఒకటి ఉత్తరపాయ, ఇంకొకటి దక్షిణపాయ.

వానలు మొదలుకాగానే కడుపుతో ఉన్న చేపలు సముద్రం నుంచి ఆ పాయల్లోకి వచ్చి గుడ్లు పెట్టేవి. అందుకని నల్లమొగలో ఒక కట్టుబాటు ఉండేది. వానాకాలం పాయల్లో ఎవరూ ముక్కు పెట్టకూడదు, పంజా వేయకూడదు. పిల్లచేప మడచెట్టు ఆకంత పొడవు పెరిగాకే వేట. అంతవరకు పీతలో నత్తలో తినాలి, ఓపికుంటే సముద్రం మీదికి పోవాలి.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరు వేటాడినా మొదటి నాలుగు చేపలు ఒడ్డున పెట్టాలి. ముసలివాళ్లు, కుంటివాళ్లు వరసగా వచ్చి అవి తినేవాళ్లు. దాన్ని ఒడ్డు వాటా అనేవారు.

దక్షిణపాయ ఒడ్డున జాలయ్య అనే గూడబాతు ఉండేవాడు. అతని ముక్కు కింది సంచి అడవి మొత్తం మీద పెద్దది. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయేవాడో! ఒడ్డు వాటా మాత్రం ఒక్కనాడూ పెట్టలేదు. "రెక్కలు నావి, చేప నాది. అడుక్కుతినేవాళ్లకు నేనెందుకు పెట్టాలి?" అనేవాడు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. సముద్రం కల్లోలంగా ఉంది. అంతదూరం ఎగరాలంటే జాలయ్యకు బద్ధకం. పీతలంటే వెగటు. కళ్ల ముందేమో పాయ నిండా బలిసిన చేపలు! ఒకరోజు ఆగలేక పట్టపగలే దిగి సంచి నింపుకున్నాడు.

ఉత్తరపాయ నుంచి పోలమ్మ అనే ముసలి నీటికుక్క పరుగున వచ్చింది.

"ఇదేం పని జాలయ్యా! విత్తనపు గింజలు వండుకు తింటారా ఎవరైనా?"

"ఊరుకో పోలమ్మత్తా! ఇంత సముద్రానికి నా ఒక్క సంచి లెక్కా?"

అంతటితో పోతే బాగుండేది. చెట్ల మీది కొంగలు చూడనే చూశాయి. "జాలయ్య తింటుంటే మనం నోరు కట్టుకుని కూర్చోవాలా?" అంటూ అవీ దిగాయి. బావురుపిల్లులూ దిగాయి. పెద్ద చేపలు అయిపోయాక వేలెడంత పిల్లలను కూడా వదల్లేదు. పోలమ్మ తల కొట్టుకుని తన పాయకు పోయింది. పిల్లాపాపలతో వంతులు వేసుకుని అక్కడ కాపలా కాసింది.

వానలు వెలిసి చలికాలం వచ్చింది. జాలయ్య గూట్లో ముగ్గురు పిల్లలు పుట్టారు. పుట్టీ పుట్టగానే ఆకలంటూ నోళ్లు తెరిచారు. జాలయ్య హుషారుగా దక్షిణపాయలో దిగాడు. నీళ్లు తప్ప ఏమీ లేవు. సముద్రం మీదికి పోయాడు. పొద్దంతా తిరిగితే రెండు చేపలు దొరికాయి. పాయలో పెరిగిన పిల్లే కదా రేపు సముద్రంలో చేప అయ్యేది!

కొంగలు, బావురుపిల్లులు ఎప్పుడో అడవి వదిలి పోయాయి. ఎగరలేని పిల్లలను పెట్టుకుని జాలయ్య ఎక్కడికి పోతాడు?

"ఉత్తరపాయ కళకళలాడుతోందట. వెళ్లి పోలమ్మత్తను అడుగు," అంది భార్య నూకాలు.

"నేనా? ఆ కుంటివాళ్ల వరసలో నిలబడాలా? నా పరువేం కావాలి?"

"నీ పరువు తెచ్చి పిల్లల నోట్లో పెట్టనా?" అని నూకాలు ఏడ్చింది.

జాలయ్య మూడు రోజులు బెట్టు చేశాడు. మూడోనాటి సాయంత్రం చిన్నపిల్ల నోరు తెరవలేదు. నూకాలు ఎంత కదిపినా కదల్లేదు.

తెల్లవారగానే జాలయ్య ఉత్తరపాయకు వెళ్లి, గుడ్డికొంగ వెనక, కుంటినక్క వెనక తలవంచుకుని నిలబడ్డాడు. పోలమ్మ ఒక్క దెప్పుడు మాట కూడా అనలేదు. అతని సంచిలో నాలుగు చేపలు వేసింది.

"ముందు పిల్లలకు పెట్టి రా. తర్వాత నీకు పని ఉంది."

"ఏం పని అత్తా?"

"నీ సంచి పెద్దది కదా! మా పాయలోని చిన్నచేపలను నీళ్లతో సహా ఎత్తుకెళ్లి మీ పాయలో వదులు. ఒక్కటి కూడా మింగకూడదు సుమా!"

ఆకలితో ఉన్న గూడబాతు నోటినిండా చేపలు పెట్టుకుని మింగకుండా ఎగరడమంటే మాటలా! అయినా చలికాలమంతా జాలయ్య ఆ పని చేశాడు.

మళ్లీ వానలు వచ్చాయి. దక్షిణపాయలో తల్లిచేపలు కనిపించాయి. అప్పటికి రెక్కలొచ్చిన పెద్దకొడుకు గట్టు మీద నిలబడి మెడ చాచాడు. "ఒక్క చేపే కదా నాన్నా!"

జాలయ్య కోప్పడలేదు. ఒక మడాకు తెంపి కొడుకు ముందు పెట్టాడు. "పిల్లచేపలు ఇంత పెరగనీ. మీరు ముగ్గురు పుట్టారురా, ఇద్దరే మిగిలారు," అన్నాడు.

కొడుకు ఆ ఆకు వంక కాసేపు చూశాడు. తర్వాత పీతల కోసం బురదలోకి నడిచాడు.

నీతి: తల్లిచేపను నేడు తింటే, రేపు మన పిల్లల కడుపు మాడుతుంది. అందరి నీళ్లకు అందరూ కాపలా ఉండాలి.